నూలు గోడల ఇల్లు

షోలాపూర్, భవాని పేట్
14 జూలై 2024

చిరంజీవి ఋతుజకు,

ఆశీస్సులు తర్వాత. ముందు నీ తప్పు దిద్దనీ.

“పెంటప్ప గారు గీసిన పదకొండు ఇళ్లలో ముప్పై ఎనిమిదేళ్లుగా ఒక్క గోడ కూడా కదలలేదు. చిన్న ఆర్కిటెక్టు ఆఫీసుల విలువకు ఇంతకన్నా రుజువేం కావాలి?” అని రాసి పంపావు. చదవడానికి బాగుంది. నిజం కాదు. కదలలేదని నీకెవరు చెప్పారు? మీ నాన్నే అయ్యుంటాడు. వాడు పదిహేడేళ్లప్పుడు ఈ ఇంట్లో అడుగుపెట్టాడు, ఇరవై రెండేళ్లకు ఉద్యోగమని వెళ్లిపోయాడు. ఉన్న ఆ అయిదేళ్లూ ఏ డబ్బాలో ఏముందో చూశాడు గాని, ఏ గోడ ఎక్కడుందో ఎన్నడూ చూడలేదు.

మన ఇంట్లోనే నడిమి గోడ లేదు. నువ్వు సెలవులకు వచ్చి తాడాట ఆడిన ఆ పెద్ద గది రెండు గదులుగా పుట్టింది. నీ రుజువు మీద నువ్వే గెంతులు వేశావు.

నువ్వు చేస్తున్న పని నాకు అర్థమైనంత చెబుతాను, తప్పైతే దిద్దు. పుణెలో నువ్వూ హరీశూ కలిసి ఒక ఆఫీసు పెట్టుకున్నారు. మనుషులు ఇద్దరు, కుర్చీలు మూడు. మీలాంటి చిన్న ఆఫీసుల వల్ల లోకానికి ఏం లాభమో కనిపెట్టి చెప్పమని ఒక ట్రస్టు మీకు ఏడాది ఖర్చు ఇచ్చింది. మా కాలంలో మన వల్ల లోకానికి ఏం లాభమో తెలుసుకోవడానికి ఎవరూ డబ్బులిచ్చేవారు కాదు. అత్తగారు ఉచితంగా చెప్పేది.

ఇంకొకటి. పెంటప్పను “ప్రముఖ ఆర్కిటెక్ట్” అన్నావు. ఆయన ప్రముఖుడేం కాదు. మగ్గపోళ్ల ఇంట్లో పుట్టి, ముంబైలో చదివి, తిరిగొచ్చి అశోక్ చౌక్ దగ్గర చాయ్ హోటల్ పైన ఒక గది తీసుకున్నాడు. ఒక బల్ల, ఒక కుర్చీ. మనం వెళ్తే ఆ కుర్చీ మనకిచ్చి తాను కిటికీలో కూర్చునేవాడు. పదకొండు నేత కుటుంబాలు కలిసి ఈ జాగా కొన్నప్పుడు ఆయన దగ్గరికి ఎందుకు పోయామంటే, పెద్దవాళ్లెవరూ మాకు కుర్చీ ఇవ్వలేదు గనుక.

ట్రస్టుకు ఆ కాగితం ఇంకా ఇవ్వకపోతే చించేయి. ఫోన్ మాత్రం చేయకు. ఫోన్లో నువ్వు ఊఁ ఊఁ అంటూ కంప్యూటర్ టకటకలాడిస్తావు. ఉత్తరం రాసేటప్పుడు నీ చెయ్యి నాదే.

ఆశీస్సులు ఇప్పుడు.
మీ నాయినమ్మ
యమునాబాయి


పుణె
2 ఆగస్టు 2024

నాయినమ్మకు నమస్కారాలు,

కాగితం ఇచ్చేశాను. నీ ఉత్తరం రావడానికి సరిగ్గా రెండు రోజుల ముందు.

హరీశ్‌కు నీ ఉత్తరం చదివి వినిపించాను. కుర్చీల దాకా నవ్వాడు. గోడ దగ్గరికి మళ్లీ వెనక్కి వెళ్లి చదవమన్నాడు. 

నీకు అంతా చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. ఫిబ్రవరిలో ట్రస్టు వాళ్లు మాకు ఇంకో రెండేళ్లు డబ్బివ్వాలా వద్దా అని తేలుస్తారు. వద్దంటే మా ఆఫీసు మూసేస్తాం. మా ఇద్దరికీ నాలుగు వందల మంది పనిచేసే ఒక కంపెనీ నుంచి పిలుపు వచ్చి ఉంది. జీతం మంచిది. అక్కడ ఏడాదంతా నేను గీయాల్సింది ఒకే ఒక్క బాత్రూమ్, ఎనిమిది వందల ఫ్లాట్లకు.

ట్రస్టు తరఫున మా పని చూసేది తృప్తి మేడమ్. మంచి మనిషే, కానీ కళ్లద్దాల మీదుగా చూసి “ఋతుజా, ఇష్టాలూ అభిమానాలూ వద్దు, కొలత ఏదో చెప్పు” అంటుంది. ఊరి అవతల అరవై ఇళ్ల కాలనీ ఉంది కదా, ఒక పెద్ద కంపెనీ గీసినది? అక్కడ దాదాపు అందరూ గోడలు పగలగొట్టుకున్నారు. పెంటప్ప గారి ఇళ్లలో ఎవరూ పగలగొట్టలేదని నాన్న అన్నారు. అందుకే ఆ కొలత పెట్టుకున్నాను: ఇంటిని ఎంత తక్కువ మార్చుకుంటే అంత మంచి ఇల్లు.

పదకొండు ఇళ్లూ నువ్వు ఒకసారి చూసి చెబుతావా? నేనొస్తే చాయ్ పోసి “అంతా మంచిగుంది బిడ్డా” అంటారు. నీతో అబద్ధమాడే ధైర్యం ఆ గల్లీలో ఎవరికీ లేదు.

ఇంకో మాట. పెంటప్ప గారు కట్టకముందు ఇంటిని నూలుతో వేసి చూపించారని నాన్న అంటుంటారు. నిజమా, అది కూడా నాన్న గోడేనా?

నీ
ఋతుజ


షోలాపూర్, భవాని పేట్
25 ఆగస్టు 2024

చిరంజీవి ఋతుజకు ఆశీస్సులు.

చూసొచ్చాను. వెంట మల్లమ్మను తీసుకెళ్లాను. నీకు గుర్తుందో లేదో, బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో ఉంటుంది, బీడీలు చుడుతుంది, నా దగ్గర నాలుగో తరగతి రెండుసార్లు చదివింది. నాకు మోకాళ్లు లేవు, దానికి మొహమాటం లేదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి.

రిటైరైనా గల్లీలో అందరికీ నేను ఇంకా టీచరు బాయినే. మొదటి ఇంటి గడపలోనే ఆ ఇంటామె అడిగింది: “ఏందే మల్లమ్మా, బాయిని తోల్కొచ్చినవ్? మళ్ల రేషన్ కార్డుల సర్వేనా?”

“రేషన్ గాదు, గోడల సర్వే. దాసుకోకుండ చూపెట్టుండ్రి.”

“గోడలేంది అహో బాయీ, ఆ నడిమి గోడ ఎప్పుడో తీసేసినం. మగ్గం పోయి పవర్‌లూమ్ వచ్చిననాడు. మా పోరగాండ్లే ఒక్క ఆయితారం నాడు గడ్డపారతోని తీసిండ్రు. ఒక్క ఇటుక పలగలే. అవ్వే ఇటుకలతోని వెనక నీళ్ల తొట్టి కట్టుకున్నం.”

“కప్పు కూలుతదని భయం కాలేదా?” అంది మల్లమ్మ.

“పెంటప్ప ఆనాడే చెప్పె గద. ఇది గోడనుకోకుండ్రి, పరదా అనుకోండ్రి, ఇంటి బరువు దీని మీద లేదు, అవసరం పడ్డనాడు తీస్కోండ్రి అని.”

ఋతుజా, పదకొండింటిలో పదకొండు ఇళ్లూ మారాయి. మగ్గం గుంత పూడ్చి పవర్‌లూమ్ పెట్టినవాళ్లు, పవర్‌లూమ్ అమ్మి కుట్టుమిషన్లు పెట్టినవాళ్లు, గోడ తీసి మళ్లీ కోడలు వచ్చిందని కట్టుకున్నవాళ్లు. ఏ ఒక్కరూ మేస్త్రీని పిలవలేదు. తర్వాత ఆటో చేసుకుని నీ అరవై ఇళ్ల కాలనీకి పోయాం, మల్లమ్మ చెల్లెలు అక్కడే ఉంటుంది. వాళ్లూ ఒక గోడ తీశారు. కప్పు నిలువునా బీట వారింది. ఇప్పుడు గది నడిమిట్ల ఇనుప గుంజ నిలబెట్టుకుని ఉన్నారు. గుంజకు గడియారం తగిలించారు. ఆ ఇంట్లో టైం చూడాలంటే ప్రదక్షిణం చేయాలి.

నీ కొలత తలకిందులుగా పట్టుకున్నావు. చద్దర్ మంచిదని ఎట్లా తెలుస్తుంది? మడత నలగకుండా బీరువాలో ఉంటేనా, నలభైసార్లు ఉతికినా దుప్పటిగా నిలిస్తేనా? బతుకు మారితే ఇల్లు మారాలి. మారేటప్పుడు ఏడిపించిందా లేదా అన్నది కదా అడగాలి.

పెంటప్పను దేవుణ్ని కూడా చేయకు. మూడు ఇళ్లలో వాననీళ్లు ఎదురింటి గడపలోకి పోతాయి. ఆ మూడు కుటుంబాలూ ఎదురింటి వాళ్లతో ఇప్పటికీ మాట్లాడుకోవు. అది కూడా రాయి.

నూలు సంగతి నిజమే. ఈ జాగా మట్టినేలగా ఉన్నప్పుడు, ఒక్కో కుటుంబానికి ఒక్కో రోజు. కొయ్యమేకులు పాతి, పనికిరాని పడుగు నూలు మోకాలెత్తున లాగి కట్టాడు. నూలే గోడలు. నూలు లేని చోటు గుమ్మం. “పొద్దుగాల నుంచి పొద్దు గూకెదాక ఇండ్లనే ఉండుండ్రి” అన్నాడు. పొయ్యి పెట్టి జొన్న భాకరీలు కాల్చాం, మగవాళ్లు మగ్గం చోట కూర్చున్నారు, అత్తమ్మ పడుకుని కాళ్లు గోడకు తగులుతున్నాయని అరిచింది. ఆయన మూలన పెన్సిల్ పట్టుకుని కూర్చుని చూశాడు. సాయంత్రం అత్తమ్మ కాళ్ల కోసం గోడ ఒక మూర జరిగింది.

అంతే. మల్లమ్మ తన ఇంటి పక్క జాగాలో కూతురు శీతల్‌కు రెండు గదులు వేయాలని చూస్తోంది. ఎవరు గీస్తారే అంటే, “గీసుడెందుకు బాయీ, మేస్త్రీ ఉన్నడు గద” అంది. నీ పరిశోధనకు జవాబు అక్కడే ఉంది, ప్రశ్న కూడా.

నాయినమ్మ


పుణె
6 అక్టోబర్ 2024

నాయినమ్మకు నమస్కారాలు,

నీ ఉత్తరం పట్టుకుని తృప్తి మేడమ్ దగ్గరికి వెళ్లి, నేనిచ్చింది తప్పని ఒప్పుకున్నాను. కొలత మారుస్తానన్నాను: మార్చుకోవడం ఎంత సులువైతే అంత మంచి ఇల్లు. ఆమె కోప్పడలేదు. “పదకొండు ఇళ్లు చాలవు. ఇలాంటి ఇల్లు చిన్న ఆఫీసే గీయగలదని ఎట్లా అంటావు? పెద్ద కంపెనీ కూడా తేలికైన గోడ పెట్టగలదు కదా” అంది. 

అందుకని నూలు ఇల్లు చేసి చూపిద్దామనుకున్నాను. ఇక్కడ మా దగ్గర ఇల్లు గీయించుకుంటున్న నర్సు ఒకామె, భర్తా ఉన్నారు. వాళ్ల పార్కింగ్‌లో నూలు బదులు సుద్దతో నిజమైన కొలతలకు ఇల్లు గీశాం. మేడమ్‌నూ పిలిచాం. నాయినమ్మా, అభాసుపాలయ్యాం. అందరూ గోడల్లోంచి నడిచారు! నర్సు భర్త ఫోన్ మాట్లాడుతూ పడకగదిలోంచి బాత్రూమ్ గోడ దాటి వంటింట్లోకి వెళ్లి, అక్కడ నిలబడి “ఇల్లు ఎక్కడ?” అన్నాడు. మేడమ్ “ఆట బాగుంది” అని వెళ్లిపోయింది. రిపోర్టులో ఆ అధ్యాయం తీసేస్తున్నాను. మీ కాలంలో ఏదో కుదిరింది, అంతే.

ఒక మంచి వార్త. పెంటప్ప గారి అబ్బాయి దగ్గర రేకు పెట్టెలో ఆయన గీసినవన్నీ ఉన్నాయి. మన ఇల్లు కూడా. మొదట గీసినప్పుడు మన వంటింటికి గల్లీ వైపు తలుపు లేదు! తర్వాత ఎర్ర పెన్సిల్‌తో గీశారు. పక్కన ఒక చిన్న పాదం బొమ్మ. మిగతా పది ఇళ్లలో ఆ తలుపు లేదు, పాదమూ లేదు. అది ఎవరి పాదం?

నీ
ఋతుజ


షోలాపూర్, భవాని పేట్
20 అక్టోబర్ 2024

చిరంజీవి ఋతుజకు ఆశీస్సులు.

సుద్దతోనా? సుద్ద ఎవరికి గోడ? నేను ఇరవై ఏడేళ్లు సుద్దతో బతికాను, దాన్ని చూసి ఒక్క పిల్లవాడు కూడా ఆగలేదు.

నూలు మాకు ఎందుకు గోడ అయిందో నీకు చెప్పలేదా? చెప్పాల్సిన అవసరం ఉందనుకోలేదు. నా తప్పే. మేము పడుగు దాటం. గల్లీ పొడుగునా మగ్గానికెక్కే పడుగు దారాలు సాగదీసి ఉంటే, ఆ కొసదాకా పోయి చుట్టి వస్తాం గాని మీదుగా కాలెత్తం. అన్నం పెట్టే దారం. దాన్ని దాటితే ఇంటి మీద కాలు వేసినట్టు. బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లలు “పడుగు అడ్డమొచ్చింది బాయీ” అంటే ఆ ఒక్క సాకుకు నేనెప్పుడూ బెత్తం ఎత్తలేదు. పెంటప్ప ఇది ఎరిగి కట్టాడు. తెగిన పాత నూలే అయినా, ఆరోజు మేమంతా దాని వెంట తిరిగి గుమ్మంలోంచే నడిచాం. నిజమైన గోడలకు కూడా అంత మర్యాద చేయలేదు.

తృప్తి మేడమ్ అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. తేలికైన గోడ ఎవరైనా పెడతారు. ఏ ఇంటివాళ్లు దేన్ని దాటరో ఎవరికి తెలుస్తుంది? ఆ నెలలో చేతిలో ఒకే ఇల్లు ఉన్నవాడికి తెలుస్తుంది. నర్సుకు నూలు గోడ కాదు, సుద్ద అసలే కాదు. ఆమె దేన్ని దాటదు? అడిగావా? అడగకుండా ఆట బాగాలేదంటే ఎట్లా?

ఆ అధ్యాయం తీసేయకు.

పాదం బొమ్మ సంగతి: పెంటప్పకు బొమ్మలు గీసే అలవాటుంది. తలుపు గాలి కోసం.

నాయినమ్మ


పుణె
15 డిసెంబర్ 2024

నాయినమ్మకు నమస్కారాలు,

అడిగాను. నర్సు చెప్పింది. వాళ్ల ఆస్పత్రిలో ఆపరేషన్ గది ముందు నేల మీద ఎర్ర గీత ఉంటుందట. పద్నాలుగేళ్లలో ఒక్కసారి కూడా చెప్పులతో దాటలేదట. పెద్ద డాక్టర్ దాటబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపిందట.

అదే పార్కింగ్‌లో ఎర్ర టేపు అతికించాం. ఆమె వచ్చింది, గుమ్మం దగ్గర ఆగింది, చెప్పులు విడిచింది. భర్త ఫోన్‌తో గోడలోంచి రాబోతే “అహో, గోడ!” అని అరిచింది. ఆయన నిజంగా వెనక్కి వెళ్లి గుమ్మంలోంచి వచ్చాడు! నాలుగు గంటలు ఉన్నారు. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి పగలు పడుకోవాల్సిన గదికి వంటింటి చప్పుడు వస్తుందని ఆమే కనుక్కుంది. మేము ఆరు నెలల్లో కనుక్కోలేదు. తృప్తి మేడమ్ ఈసారి వెళ్లిపోలేదు. చివర్లో తన చెప్పులు కూడా బయటే ఉన్నాయని చూసుకుంది.

ఫిబ్రవరి తొమ్మిదిన ట్రస్టు వాళ్లు ముగ్గురు షోలాపూర్ వస్తున్నారు. పదకొండు ఇళ్లూ చూస్తారట. అదే రోజు తేలుస్తారు. రిపోర్టులో అన్నీ ఉన్నట్టే రాశాను: అన్నీ మారాయి, ఒక్కటీ బీటవారలేదు, మూడింటి వాననీళ్లు తప్పు. వాననీళ్లు తీసేద్దామని హరీశ్ అన్నాడు. “మా నాయినమ్మ మూడో వాక్యంలోనే బయట పెడుతుంది” అన్నాను. ఉంచాడు.

ఇక పాదం. నాయినమ్మా, చట్నీలో ఉప్పు ఎక్కువైందన్నా నువ్వు ఒక పేజీ రాస్తావు. ఆ తలుపు గురించి రెండే మాటలు రాశావు. చెప్పాలనిపిస్తేనే చెప్పు. రిపోర్టు కోసం అడగడం లేదు.

నీ
ఋతుజ


షోలాపూర్, భవాని పేట్
12 జనవరి 2025

చిరంజీవి ఋతుజకు ఆశీస్సులు.

ఆ పాదం నాది.

ముప్పై ఎనిమిదేళ్లు గాలి కోసం అని చెప్పాను. అందరూ నమ్మారు. పొద్దుటిపూట ఆ తలుపులోంచి గాలి కూడా వస్తుంది గనుక పూర్తి అబద్ధం కాదు.

ఈ ఇంటికి ముందు మేము కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. ముందు గదిలో రెండు మగ్గాలు, మా మామయ్య, మీ తాతయ్య, ఇంకో ఇద్దరు. బయటికి అదొక్కటే దారి. నేను నెత్తిన కొంగు వేసుకుని, సంచీ పట్టుకుని, వంటింటి గడపలో నిలబడాలి. మామయ్య చూసి మగ్గం ఆపి “పో” అనాలి. చేతిలో ఉన్న అంచు పూర్తయ్యేదాకా ఆయన చూసేవాడు కాదు. చెడ్డవాడని కాదు, మంచి నేతగాడు. మంచి నేతగాడు మధ్యలో ఆపడు. బడిలో రోజూ ఎర్ర గీత నా పేరు కింద. మూడు ఆలస్యాలకు సగం రోజు సెలవు కోత. హెడ్మాస్టర్ పిల్లల ముందే “గడియారం చదవడం వచ్చిన టీచర్ కావాలి” అన్నాడు. ఆరేళ్ల ఉద్యోగం. రాజీనామా కాగితం రాసి సంచీలో పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

కొత్త ఇంట్లోనూ ముందు గదిలోనే మగ్గాలు. గుమ్మం అక్కడొక్కటే. మేమే అట్లా అడిగాం. అంటే మగవాళ్లు అడిగారు. నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు ఇంత నోరున్నదాన్ని, అప్పుడు ఎక్కడ పెట్టుకున్నానో తెలియదు.

నూలు ఇంటి రోజు మంగళవారం. మామయ్య వాళ్లు మగ్గం చోట కూర్చుని మాటల్లో పడ్డారు. నేను పొయ్యి దగ్గరున్నాను. బడి గంట వినిపించింది. సంచీ తీసుకున్నాను, ముందు గదివైపు చూశాను, అంతే. కాలు దానంతట అదే లేచింది. వంటింటి నూలు దాటి గల్లీలోకి వచ్చేశాను.

మొదట నోరు తెరిచింది అత్తమ్మ.  

“ఏందే, నెత్తి తిరిగిందా? మొగోళ్ల ముంగట పడుగు దాటుతవా! ఇల్లు లేవకముందే కూలగొడ్తవా!”

మామయ్య లేచాడు. అప్పుడు మూలలోంచి పెంటప్ప వచ్చాడు, తొందర లేకుండా. నా పాదం ముద్రకు అటొక మేకు, ఇటొక మేకు పాతాడు. నడిమి నూలు కోసి, రెండు కొసలూ రెండు మేకులకు ముడి వేశాడు. చెప్పాడు:

“ఆమె దాటలే, అత్తా. ఈడ దర్వాజా ఉన్నది. పెట్టుడు నేనే మర్చిపోయిన. తప్పు నాది.”

అని అత్తమ్మ కాళ్లకు దండం పెట్టాడు. ముంబైలో చదివినవాడు కాళ్లకు మొక్కితే అత్తమ్మ ఏమంటుంది? “జర చూసి గీయొద్దా నాయినా” అంది. మామయ్య కూర్చున్నాడు. మీ తాతయ్య నా వైపు చూసి తలవంచుకున్నాడు. ఆయనకు అర్థమైంది. బతికున్నన్నాళ్లూ ఒక్క మాట అనలేదు, కానీ ఈ ఇంట్లోకి వచ్చిన మొదటి రోజు నుంచి పొద్దున్నే ఆ తలుపు గొళ్లెం తీసి ఉంచేది ఆయనే.

రాజీనామా కాగితం వెనక పక్క ఖాళీగా ఉంది కదా, మర్నాడు అయిదో తరగతికి దాని మీదే లెక్కలు రాసుకున్నాను. తర్వాత ఇరవై ఒక్క ఏళ్లు పాఠం చెప్పాను. ఒక్క రోజు ఆలస్యం కాలేదు. ఆ తలుపు అందరికంటే ఎక్కువ వాడుకున్నది అత్తమ్మ. ఎదురింటి కోడలి మీద చాడీలకు అంతకన్నా దగ్గరి దారి లేదు.

ఎందుకు దాచానంటావా? దాటాను గనుక. నేతగాని కోడలు పడుగు దాటింది. పెంటప్ప దాన్ని తలుపుగా మార్చాడు గాని, నాకు మాత్రం ఆ నూలు కాలికి తగిలినట్టే ఉండేది. నువ్వు పాదం బొమ్మ అన్ననాడు మొదట కోపం వచ్చింది. తర్వాత ఆలోచించాను. ఆయన ఆ పాదం తుడిపేయలేదు. అంటే సిగ్గుపడాల్సింది కాదని ఆయనకు తోచింది. ఇప్పుడు నాకూ తోచింది.

రిపోర్టులో రాయి. పేరుతో రాయి. తృప్తి మేడమ్ కొలత అడిగితే చెప్పు: ఇరవై ఒక్క ఏళ్లు, ఏడాదికి నలభై మంది పిల్లలు. అందులో సగం మంది పనికిరాని వాళ్లయ్యారు, వాళ్లను తీసేసినా పెద్ద అంకే. తీసేసిన వాళ్లలో మల్లమ్మను మాత్రం కలుపుకో.

తొమ్మిదో తారీఖున వచ్చే ముగ్గురికీ పదకొండు ఇళ్లూ చూపిద్దాం, కానీ ముందు విడీ ఘర్కుల్‌కు తీసుకురా. మల్లమ్మను ఒప్పించాను. ఆ రెండు గదులూ మీరే గీస్తారు. పొద్దున్నుంచి నూలు ఇంట్లో మల్లమ్మ, శీతల్, నేను ఉంటాం. మీ ట్రస్టు వాళ్లూ ఉండాలి, భాకరీ, పల్లీలతో చేసిన శేంగా చట్నీ పెడతాం. వాళ్లెవరైనా నూలు దాటితే మల్లమ్మ అరుస్తుంది. ఒక్క అరుపుకు నేర్చుకుంటారు.

డబ్బు ఇస్తారని నాకు నమ్మకం. ఇవ్వకపోతే ఆ బాత్రూమ్ కంపెనీకి పోనవసరం లేదు. మన ముందు గదిలో మగ్గాలు లేవు. రెండు బల్లలు, మూడు కుర్చీలు పడతాయి, కొలిచాను. పనికి మాత్రం షోలాపూర్‌లో కొదవ లేదు, ఇనుప గుంజలకు గడియారాలు తగిలించుకున్న ఇళ్లు అరవై ఉన్నాయి.

ఇప్పుడు పని చెబుతాను, తప్పకుండా చేయి. ముందురోజే బస్సు దిగు. అశోక్ చౌక్‌లో నూలు కొట్టుకు పోయి రంగు వేయని తెల్ల నూలు నాలుగు చుట్టలు తీసుకో. నైలాన్ ఇస్తానంటే తీసుకోకు, అది జారుతుంది, పైగా దాన్ని ఎవరూ గౌరవించరు. పక్కనే కొయ్యపని చేసే వడ్లాయన దగ్గర కొయ్యమేకులు చేయించు, మోకాలెత్తు, ఒక కొస చెక్కి. రెండు గదులకూ గుమ్మాలకూ లెక్కపెట్టి పద్నాలుగు చాలని హరీశ్ అంటాడు. నువ్వు పదహారు తీసుకురా. శీతల్ తల్లి ముందు నోరు విప్పదు. నోరు విప్పని వాళ్ల కాళ్లు చూస్తూ కూర్చో, మిగిలిన ఆ రెండు మేకులూ చేతిలో పెట్టుకుని.

నాయినమ్మ
యమునాబాయి